కోట దిగాక కొండపల్లి

మంట కాస్త ఎగదొయ్యండర్రా. ఆ తాటిమట్ట అడ్డంగా పెడితే పొగంతా మన మొహానికే కొడుతుంది, కొన గాలివాటుకి తిప్పండి. ఆఁ, అలాగ. ఇందాక మీ అమ్మతో అంటుంటే విన్నాను. రేపు కొండపల్లి వెళ్తారట, కోట ఎక్కుతారట, నాలుగు ఫొటోలు దిగి, ఓ బొమ్మ కొనుక్కుని, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇల్లు చేరతారట. మైలవరానికి కొండపల్లి ఎంతని, ఇరవై కిలోమీటర్లు. పండక్కని హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చినవాళ్లు ఆ ఊరిని పూటలో చూసి వచ్చేస్తారా? ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను.

అసలు రేపు కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మీ నాయనమ్మ ససేమిరా గడప దాటనివ్వదు. రేపు గారెలు తిని, పశువులకి పసుపూ కుంకుమా పెట్టి, తోటలో తిరగండి. ప్రయాణం ఎల్లుండి పెట్టుకోండి.

కోట చూడొద్దని నేననడం లేదు. చూసి తీరాల్సిందే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో లేచిన కోట అది. తర్వాత గజపతుల చేతికి వెళ్లింది. వాళ్ల దగ్గర్నుంచి 1515 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆపైన గోల్కొండ కుతుబ్‌షాహీలు, తర్వాత నిజాం, 1766లో ఇంగ్లీషువాళ్లు. ఇంతమంది కొట్టుకు చచ్చారంటే ఆ కొండకి ఎంత విలువ ఉండేదో ఆలోచించండి. పైనుంచి చూస్తే అర్థమవుతుంది, అటు కృష్ణ, ఇటు అడవి, మధ్యలో దారి. మా చిన్నప్పుడు కార్లు పైకి పోయే రోడ్డు లేదు. తెల్లవారుజామున చద్దిమూట కట్టుకుని రాతిమెట్ల దారిన ఎక్కేవాళ్లం. పైకెళ్లేసరికి ఎండెక్కేది. గజశాల నీడన కూర్చుని మూట విప్పేవాళ్లం.

అయితే ఆ కోటలో ఇప్పుడు రాజు లేడు, ఏనుగుల్లేవు, సైన్యం లేదు. ఆ కొలువుల్ని నమ్ముకుని చుట్టూ కుదురుకున్న పనివాళ్లు మాత్రం ఉన్నారు. కొలువు కూలినా వాళ్ల పని ఆగలేదు. కొండపల్లి అనే కాదు, మన చుట్టుపక్కల ఏ ఊళ్లో అయినా కోట ఒకటి ఉంటే దాని నీడన బతికిన విద్య ఒకటి ఉంటుంది. మా నాన్న నన్ను వెంటేసుకుని తిరిగిన రోజుల్లో నేర్పింది అదే. కోట దిగాక ఊళ్లోకి నడిపించేవాడు. మీరూ కారు అక్కడే వదిలేసి నడవండి.

నిన్న నాయనమ్మ బొమ్మల కొలువు పెట్టింది చూశారుగా. పై మెట్టు మీద అంబారీ ఏనుగు ఉంది చూడండి, అది మా అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. రేపు చేతిలోకి తీసుకుని చూడండి, తొండం మొదట్లో సన్నటి గీత కనపడుతుంది. నా చిన్నప్పుడు మీ చిన్నతాతా నేనూ లాక్కుంటుంటే ఊడొచ్చింది. అమ్మ ఏడ్చినంత పని చేసింది. నాన్న ఆ ఏనుగుని తువ్వాలలో చుట్టి కొండపల్లి పట్టుకెళ్లాడు, నన్నూ తీసుకెళ్లాడు. అప్పుడు చూశాను ఆ పని మొదటిసారి.

అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ తెల్ల పొణికి ముక్కలు. ఆ కొయ్య ఎంత తేలికో తెలుసా, చేతిలో పెడితే బెండు పట్టుకున్నట్టే ఉంటుంది. ఈ కొండల్లో దొరికే చెట్టే. కొట్టుకొచ్చిన కొయ్యని వెంటనే చెక్కరు. సన్నటి సెగ మీద ఆరబెట్టి లోపలి చెమ్మంతా పోగొడతారు. లేకపోతే నాలుగు రోజులకి బొమ్మ బీటలు తీస్తుంది. ఆరాక ఉలితో చెక్కడం, ఆకురాయితో నునుపు చేయడం. ఒకే ముక్కలో ఏనుగు మొత్తాన్ని చెక్కేస్తారనుకుంటారు చాలామంది. అలా కాదు. ఒళ్లు ఒకటి, కాళ్లు వేరు, చెవులు వేరు, తొండం వేరు. చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. అతకడానికీ అదే, సందులు పూడ్చడానికీ అదే, కండలు తిరిగేలా ఒంపులు తీర్చడానికీ అదే. ఆయన మా ఏనుగు తొండం మొదట్లో వేలితో ఇంత మక్కు పెట్టి, నొక్కి, బొటనవేలి గోటితో అంచు తీశాడు. అంతే. నాన్న డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మరుసటి ఏడాది మేం గంపెడు రసాలు తీసుకెళ్లి ఇచ్చాం.

మక్కు ఆరాక సున్నం పూత. దాని మీద రంగులు. మేక వెంట్రుకల కుంచెలు. ఆ ఇంట్లో రంగులేసేది ఆడవాళ్లు. ఒకావిడ ఒకే రంగు పట్టుకుని వరసగా పాతిక పెళ్లికూతుళ్లకి చీర అంచులు గీసుకుంటూ పోతోంది. కళ్లు చివర పెట్టింది. అప్పటిదాకా అన్నీ ఒకేలా ఉన్నాయి, కళ్లు పెట్టేసరికి ఒకటి సిగ్గుపడుతున్నట్టు, ఒకటి అలిగినట్టు! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ నవ్వింది.

వాళ్లని ఆర్యక్షత్రియులంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చామని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారు. ముక్తారుషి దగ్గర ఈ విద్య నేర్చుకున్నామనీ అంటారు. కోటలో దొరలున్నప్పుడు వాళ్ల అండ ఉండేది. దొరలు పోయాక సంక్రాంతి కొలువులే వాళ్లకి అండ. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొలువు పెట్టే ప్రతి ఇల్లూ ఏటా ఒక బొమ్మ కొత్తది కొనాలనే ఆనవాయితీ ఉండబట్టి వాళ్ల పొయ్యి వెలిగింది. ఇప్పుడు ప్లాస్టిక్ బొమ్మలొచ్చి ఆ ఆనవాయితీ పలచబడింది. కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. గుర్తింపు కాగితం మీద వస్తే సరిపోతుందా, కొనే చెయ్యి ఉండాలి కదా.

అందుకని బొమ్మల కాలనీకి వెళ్లినప్పుడు దుకాణంలో నిలబడి ఇది ఎంత, అది ఎంత అని అడిగి వచ్చెయ్యకండి. అరుగు దగ్గర కూర్చోండి. కూర్చుంటామని అడిగితే ఎవరూ కాదనరు. రంగు వెయ్యని పచ్చిబొమ్మ ఒకటి చేతికి ఇమ్మనండి. ఎక్కడెక్కడ అతుకు ఉందో వేలితో తడిమి చూడండి. రంగేశాక ఆ అతుకు దొరకదు. అది చూశాక ధర దగ్గర బేరం ఆడాలనిపించదు మీకు.

పొణికి చెట్టు సంగతి కూడా అడగండి. అసలు బెంగ అదే. మా నాన్న కాలంలో కొండపల్లి అడవిలోకి పొద్దున పోయి సాయంత్రానికి మోపు తెచ్చుకునేవాళ్లట. ఇప్పుడు చెట్టు కోసం వెతుక్కోవాలి. మొక్కలు నాటుతున్నారు గానీ, నాటిన మొక్క కోతకి రావడానికి ఏళ్లు పడుతుంది. పని తెలిసిన చెయ్యి ఉండి కొయ్య లేకపోవడమంత బాధ ఇంకోటి లేదు.

అడవి అన్నాను కాబట్టి చెప్తున్నా, ఇబ్రహీంపట్నం దాటాక మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు పెట్టారు. చిన్నదాన్ని అక్కడ వదలండి, సంబరపడుతుంది. పొద్దున ఎండ కాస్త వెచ్చబడ్డాక వెళ్లాలి. మంచులో రెక్కలు ముడుచుకు కూర్చుంటాయి, ఒక్కటీ కనపడదు.

కొండ కింద షాబుఖారీ బాబా దర్గా ఉంది. ఉరుసు రోజుల్లో మా ఊళ్లోంచి హిందువులూ తురకలూ తేడా లేకుండా బళ్లు కట్టుకుని పోయేవాళ్లు. కొండపల్లి రైల్వేస్టేషను కూడా ఒకసారి చూడండి, చూడ్డానికి అక్కడేమీ ఉండదు గానీ ఆ లైను కథ పెద్దది. నిజాం రైలు 1889లో బెజవాడ దాకా వచ్చింది ఈ దారినే. మా నాన్న మామిడి గంపలు బండి మీద వేసుకుని ఆ స్టేషనుకే తోలేవాడు. రాత్రి మైలవరంలో కట్టిన బండి తెల్లారేసరికి కొండపల్లి చేరేది. గంపల మీద గోనెపట్టా కప్పి దాని మీద నేను పడుకునేవాణ్ని. కింద కాయల సొన వాసన, పైన చుక్కలు. మీకు ఏసీ కార్లో ఆ సుఖం తెలియదు, పాపం.

ఆ దారిలో బుడమేరు దాటాలి. నిండా నీళ్లుంటే ఎద్దులు మొరాయించేవి. బుడమేరు పుట్టేది ఎక్కడో తెలుసా? మన మైలవరం కొండల్లోనే. ఇక్కడ చూస్తే వాగు. ఎండాకాలం పిల్లలు గోళీలాడతారు ఆ ఇసకలో. ఆ వాగే కిందికి పోయి కొల్లేరులో కలుస్తుంది. మధ్యలో బెజవాడ అడ్డం. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కాలవ తవ్వి, వరదని కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. అయినా 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో మీరు టీవీలో చూశారు. ఆ కాలవకి గండ్లు పడ్డాయి, బెజవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అప్పుడు ఊరంతా బుడమేరుని తిట్టింది. వాగు దారిలో ఇళ్లు కట్టుకున్నది మనమే కదా, దాన్నేమనాలి? ఎల్లుండి వెళ్లేటప్పుడు వెలగలేరు దగ్గర కారు ఆపి ఆ రెగ్యులేటరు చూడండి. అదే కాలవ చివర ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలిసేచోటు పవిత్ర సంగమం. పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు 2015లో మొదటిసారి అక్కడ కృష్ణని తాకాయి. మా తరంలో ఎవరికీ కలలో కూడా రాని సంగతి, గోదారి నీళ్లు బుడమేరు కాలవలోంచి రావడం! సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే బాగుంటుంది.

పెద్దోడా, ఆ పిడకలు ఇటు తొయ్యి. చల్లారిపోతోంది.

సరే, మన ఊరి సంగతికొస్తాను. మైలవరం అంటే ఇవాళ ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? మామిడికాయలు. నూజివీడు సీమ కాయంటే దేశమంతా పేరు. వందేళ్ల కిందట మాత్రం ఆంధ్రదేశంలో మైలవరం అనే మాట వినపడగానే జనానికి గుర్తొచ్చేది నాటకం. నమ్మరు కదా? మన జమీందారు సూరానేని వారు 1910ల్లో నాటక సమాజం పెట్టారు. బాలభారతీ నాటక సమాజం. జనం దాన్ని మైలవరం కంపెనీ అనేవాళ్లు. బెజవాడలో ఆడేది. నటులకి నెలజీతాలు! ఆ రోజుల్లో నాటకాలాడే వాడికి పిల్లనివ్వడానికే జంకేవాళ్లు. అలాంటిది, నెల తిరిగేసరికి జీతమిచ్చి, వేషం తప్ప వేరే ధ్యాస లేకుండా పెట్టడమంటే మాటలా? పాటలకి వరసలు కట్టింది పాపట్ల కాంతయ్య. ఆయన కట్టిన వరసలకి మైలవరం మట్లని పేరొచ్చేసింది. యడవల్లి సూర్యనారాయణ ఆ కంపెనీలో వేషం కట్టినవాడే. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణం టాకీ వచ్చినప్పుడు దుర్యోధనుడు ఆయనే. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు గ్రామఫోను ప్లేట్ల మీద ఊరూరా మోగింది, ఆయనా ఈ కంపెనీ స్టేజీ ఎక్కినవాడే.

మా తాత బండి కట్టుకుని బెజవాడ పోయి ఆ నాటకాలు చూశాడు. ఆయన చెప్పేవాడు, రాత్రి భోజనాలయ్యాక తెర లేస్తే తెల్లారి కోడి కూసేదాకా ఆట నడిచేదట. ఆడవేషాలూ మగవాళ్లే వేసేవాళ్లు. ఒక పద్యం బాగా వచ్చిందంటే జనం వన్స్‌మోర్ అని లేచేవాళ్లు. రాగం తీసినవాడు మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకోవాలి. యుద్ధానికి పోయే రాజు కూడా ఆగి, అదే పద్యం మూడోసారి పాడి వెళ్లేవాడట. మా తాత నాటకం చూసొచ్చిన పక్షం రోజులూ ఎద్దులకి గడ్డేస్తూ కూడా రాగాలే తీసేవాడని మా నాయనమ్మ విసుక్కునేది.

1932లో భక్త ప్రహ్లాద టాకీ వచ్చింది. పద్యం కోసం రాత్రంతా కూర్చునే జనం రెండున్నర గంటల బొమ్మకి మళ్లారు. నాటక కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది, పోషించే చేతులూ పోయాయి. కొండపల్లి బొమ్మ మిగిలింది గానీ మైలవరం నాటకం మిగల్లేదు. బొమ్మైతే చేతిలో పట్టుకోవచ్చు. పాటని ఎక్కడ పట్టుకుంటాం, గొంతులో తప్ప?

ఆ గొంతుల్లోనే మిగిలింది కొంతకాలం. మా నాన్న తోట కాపలాకి పోయేవాడు. కాయ దిగే రోజుల్లో అడవిపందులు వస్తాయని పాకలో పడుకుని, మధ్యమధ్య లేచి డబ్బా వాయించేవాడు. డబ్బాతో పాటు పద్యం ఎత్తుకునేవాడు. పక్క తోటలోంచి ఇంకెవరో రెండో పాదం అందుకునేవారు. అవతల చెరువుగట్టు మీంచి మూడోది. ఎవరు ఎవరో కనపడేవాళ్లు కాదు. నేను పాకలో చాప మీద పడుకుని వినేవాణ్ని. వాళ్లెవరూ సంగీతం నేర్చుకున్నవాళ్లు కాదు, ఆ మట్లు తండ్రుల దగ్గర విని పట్టినవాళ్లు. మీ ఫోన్లో వెతకండి, ఆ కాలం ప్లేట్లు ఎవరెవరో ఎక్కించి పెట్టారు. రేపు తోటలో కూర్చుని వినండి. మైలవరం చూడడమంటే నాకైతే అది.

తోటలో ఇప్పుడు కాయ ఉండదు, పూత మీద ఉంది. చుట్టాలంతా మేలో వస్తారు, రసాలు జుర్రుకుని పోతారు. పూత చూసేవాళ్లేరి? పొద్దున్నే వెళ్లి కొమ్మ కింద నిలబడండి. మంచు ఎక్కువ కురిసిందంటే రైతు గుండె గుబగుబలాడుతుంది. తేనెమంచు పురుగు పడుతుంది, బూడిద తెగులు వస్తుంది, పూత మాడిపోతుంది. నిలిచిన పూతలో పిందె కట్టేది ఏ కొంచెమో. పిందెలో రాలగా మిగిలేది ఇంకా కొంచెం. తర్వాత గాలివాన, వడగళ్లు. అన్నీ దాటితే చిక్కం కర్రతో కోసి, తొడిమ విరిచి సొన కార్చి, ఎండుగడ్డి పరిచి మాగవేసేవాళ్లం. చిన్నరసాలైతే గదంతా వాసన. పచ్చిగా ఉన్నప్పుడు ఆవకాయకీ అవే. బంగినపల్లి కోసుకు తినడానికి, రసాలు పిసుక్కుని తాగడానికి. మీ నాన్న మోచేతుల దాకా కార్చుకుంటూ తినేవాడు, అడగండి.

నూజివీడు కూడా అంతే. మామిడి తప్ప ఇంకేం లేదనుకుని బైపాసులో దాటిపోతారు. అక్కడ అప్పారావుల కోటలున్నాయి, మేకా వారి జమీ. కోటల్లో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు, దానికి మించిన వాడకం ఏముంటుంది. దారిలో ఆగిరిపల్లి శోభనాచలం మీద నరసింహస్వామి ఉన్నాడు, మెట్లెక్కి దణ్ణం పెట్టుకోండి. నూజివీట్లో చూడాల్సింది మాత్రం వీణలు. ఆ జమీందార్ల ఆదరణలో నిలిచిన పని. పనస కొయ్యతో చేస్తారు. బాగా ముదిరిన చెట్టు కావాలి, కోసిన దుంగ ఆరాలి. కుండా, దండీ, తలా ఒకే దుంగలోంచి వస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. కుండ లోపల తొలిచేటప్పుడు పనివాడు వేలి కణుపుతో తట్టి వింటూ తొలుస్తాడు. మందంగా వదిలితే నాదం రాదు, పలచనైతే పగులుతుంది. అది కొలబద్ద చెప్పే లెక్క కాదు, చెవి చెప్పాలి. ఆపైన 24 మెట్లు, ఒక్కొక్కటీ మైనంలో కూర్చి, తీగ మీటి, శ్రుతి చూసి, జరిపి, మళ్లీ మీటి. ఒక వీణకి ఆ మేళం కట్టడం చూడాలంటే ఓపిగ్గా పూటంతా కూర్చోవాలి.

అమ్మలూ, నీ వీణ మెట్లు పలకడం లేదని, ఎండలకి మైనం కదిలిందని మీ టీచరు చెప్పిందన్నావు కదా. వేసవికి వచ్చేటప్పుడు దాన్ని కారు వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకురా. నేనూ వస్తాను నూజివీడు. మేళం కట్టేవాళ్ల పక్కన కూర్చుని కట్టించుకుందువుగాని. మీ నాన్న కారు దగ్గర నిలబడి తొందరపెడితే నేను చూసుకుంటాలే.